కరెంటు గోదాముకు అద్దె కట్టేదెవరు?

షర్క్ (కువైట్): అరబ్బీలో ‘షర్క్’ అంటే తూర్పు. కువైట్ సిటీకి తూర్పు కొసన, సముద్రం ఒడ్డున ఉన్న పాత పేట ఇది. ఒక పక్క సూక్ షర్క్ చేపల మార్కెట్, ఇంకో పక్క బ్యాంకుల ఆకాశహర్మ్యాలు, ఆ సందడిలోనే కువైట్ స్టాక్ ఎక్స్ఛేంజీ ‘బోర్సా’. రోజంతా కోట్ల దీనార్లు చేతులు మారే ఈ వీధుల్లోకి, శుక్రవారం సాయంత్రమైతే మనవాళ్లు కూడా వస్తారు. మాలియాలో కూరగాయలు, ఫోన్ కార్డులు కొనుక్కుని, కాస్త గాలికోసం ఇక్కడిదాకా నడుచుకుంటూ వచ్చేవాళ్లు ఎందరో.

అలా వచ్చినవారిలో ఒకాయన ఈమధ్య మాకు ఫోన్‌లో ఒక బ్రోచర్ చూపించారు. ఆయనది రాయచోటి పక్కన పల్లె. పన్నెండేళ్లుగా ఇక్కడ డ్రైవరు. బ్రోచర్ నిండా తెల్లటి కంటైనర్ల బొమ్మలు, సోలార్ పలకలు. ‘బ్యాటరీ స్టోరేజీలో పెట్టుబడి... నెలకు 2 శాతం గ్యారంటీ ఆదాయం’ అని పెద్ద అక్షరాలు. ‘‘అన్నా, మా గాలివీడు కాడ సోలార్ ప్లాంటు ఉండేది నిజమే. నేనే చూసినా. పక్కనే బ్యాటరీలు పెడతారంట. ఊర్లో ఉన్న ఎకరం అమ్మి ఇందులో పెట్టమంటా ఉన్నాడు మా బామ్మర్ది. పెట్టొచ్చునా?’’ అని ఆయన ప్రశ్న.

ఒక్క మాటలో ‘వద్దు’ అని చెప్పి పంపేయొచ్చు. కానీ ఆ ప్రశ్నలో రెండు సంగతులున్నాయి. బ్యాటరీల్లో కరెంటు నిల్వ చేయడమన్నది కట్టుకథ కాదు. కువైట్ నుంచి కర్నూలు దాకా ప్రభుత్వాలు, పెద్ద పెద్ద పెట్టుబడి సంస్థలు ఇప్పుడు దాని వెంటే పడుతున్నాయి. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకునే ఇలాంటి బ్రోచర్లు పుడుతున్నాయి. కాబట్టి నిజమెంత, అందులో డబ్బు ఎక్కడినుంచి వస్తుంది, ఎవరికి వస్తుంది అన్నది కాస్త తీరుబడిగా చూద్దాం.

చేపా... కరెంటూ...

సూక్ షర్క్‌లో చేపలు అమ్మేవారికి తెలిసినంత బాగా ఈ వ్యాపారం ఇంకెవరికీ తెలియదనిపిస్తుంది. పట్టిన చేప పట్టినట్టు అమ్ముడుపోవాలి. లేదా ఐసు కావాలి. ఐసు ఉన్నవాడు ధర వచ్చేదాకా ఆగగలడు. లేనివాడు వచ్చినకాడికి తెగనమ్ముకోవాలి. కరెంటుది అంతకన్నా కష్టం. పుట్టిన క్షణంలోనే ఎవరో ఒకరు వాడుకోవాలి. వాడకం పెరిగి ఉత్పత్తి చాలకపోయినా, ఉత్పత్తి ఎక్కువై వాడకం లేకపోయినా గ్రిడ్డుకు ప్రమాదమే.

బ్యాటరీ చేసే పని ఆ ఐసు పనే. అది కరెంటును పుట్టించదు. అక్కర్లేని వేళ పుట్టినదాన్ని దాచి, అక్కరకొచ్చే వేళకు తెచ్చిస్తుంది. పైగా దాచినందుకు కొంత తరుగు కూడా పోతుంది. వంద యూనిట్లు లోపలికి పంపితే ఎనభై అయిదు యూనిట్ల దాకా తిరిగొస్తే బాగానే పనిచేసినట్టు.

ఇది మన తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. కోతల కాలంలో ప్రతి ఇంట్లో మూలన పెట్టుకున్న ఇన్వర్టరు ఇదే. శ్రీశైలం ఎడమ గట్టున 150 మెగావాట్ల యంత్రాలు ఆరున్నాయి. అవి రివర్సిబుల్ టర్బైన్లు. అంటే నీళ్లు కిందికి దూకేటప్పుడు కరెంటు ఇస్తాయి, కరెంటు మిగిలినప్పుడు అదే నీటిని పైకి తోడగలవు. నాగార్జునసాగర్‌లోనూ అలాంటివున్నాయి. నీటిని పైకెత్తి దాచుకోవడం పాత పద్ధతి, లిథియం బ్యాటరీల్లో దాచుకోవడం కొత్త పద్ధతి. అంతే తేడా.

ఇక్కడ రెండు కొలతలు గుర్తుపెట్టుకోవాలి. మెగావాటు అంటే ఒక్కసారిగా ఎంత బలంగా ఇవ్వగలదు అని. మెగావాట్ అవర్ అంటే మొత్తం ఎంత దాచగలదు అని. ఒకటి కుళాయి వెడల్పు, ఇంకొకటి తొట్టి లోతు. బ్రోచర్లలో సగం మాయ ఈ రెండింటినీ కలిపేయడంలోనే ఉంటుంది.

కువైట్‌కు ఈ అవసరం ఎందుకొచ్చింది?

చమురు మీద తేలే దేశానికి కరెంటు కొరత ఏమిటని మన ఊళ్లో వాళ్లు నవ్వొచ్చు. కానీ 2024 జూన్‌లో ఇక్కడున్నవారెవరూ నవ్వలేదు. ఎండలు ముదిరి ఏసీల లోడు ఎగబాకడంతో ఆ నెల 19న విద్యుత్ మంత్రిత్వశాఖ కొన్ని ప్రాంతాల్లో వేళలు ప్రకటించి మరీ కోతలు పెట్టింది. ఒకటి రెండు గంటలే కావచ్చు. 50 డిగ్రీలకు దగ్గరపడే ఎండలో, ఒక్కో గదిలో ఆరేడుగురు సర్దుకుని ఉండేచోట, మధ్యాహ్నం వేళ గంటసేపు ఏసీ ఆగితే ఏమవుతుందో అనుభవించినవారికే తెలుసు. 2025లో అయితే ఎండలు ముదరకముందే, ఏప్రిల్ తొలి రోజుల్లోనే కోతలు మొదలయ్యాయి. వఫ్రా, అబ్దలీ లాంటి వ్యవసాయ ప్రాంతాలు, సబ్హాన్, షువైఖ్ లాంటి పారిశ్రామికవాడలు కూడా ఆ జాబితాకెక్కాయి. వేసవికి ముందు మరమ్మతులకోసం కొన్ని యంత్రాలు ఆపి ఉండటం, అదే సమయానికి లోడు పెరగడం దీనికి కారణాలు.

కువైట్ సమస్యలో ఒక విశేషం ఉంది. వేసవి మధ్యాహ్నాల్లో వాడకం 17 వేల మెగావాట్లు దాటుతోంది. చలికాలంలో అందులో సగం కూడా ఉండదు. అంటే ఏడాదిలో కొద్ది వారాలు, ఆ వారాల్లోనూ రోజుకు కొద్ది గంటలకోసం కొత్త ప్లాంటు కట్టాలి. మిగతా కాలమంతా అది ఖాళీగా కూర్చోవాలి. పెళ్లి రోజున నాలుగొందలమంది వస్తారని నాలుగొందల గదుల ఇల్లు కట్టుకున్నట్టుంటుంది ఇది.

బ్యాటరీ సరిగ్గా ఇక్కడ పనికొస్తుంది. అర్ధరాత్రి దాటాక లోడు కాస్త తగ్గినప్పుడు నింపుకుని, మధ్యాహ్నం గడ్డు గంటల్లో బయటికి తీయొచ్చు. ఎడారిలో సోలార్ పెరిగేకొద్దీ పగటి కరెంటును రాత్రికీ జరపొచ్చు. అందుకే కువైట్ 1,500 మెగావాట్ల దాకా ఇవ్వగల బ్యాటరీ కేంద్రం ఆలోచన చేస్తోందని 2025లో వార్తలొచ్చాయి. నిల్వ 4,000 నుంచి 6,000 మెగావాట్ అవర్లు. కువైట్‌లో ప్రైవేటు భాగస్వామ్యంతో కట్టిన మొదటి ప్లాంటు, అల్ జౌర్ నార్త్ మొదటి దశ కూడా 1,500 మెగావాట్లదే. బలం ఒక్కటే. కానీ ఆ ప్లాంటు గ్యాసు ఉన్నంతకాలం నడుస్తుంది. బ్యాటరీ మహా అయితే నాలుగు గంటలు గట్టిగా ఇచ్చి ఖాళీ అయిపోతుంది, మళ్లీ నింపాలి. కుళాయి, తొట్టి లెక్క అంటే ఇదే.

ఇరుగుపొరుగు మాత్రం ఆలోచన దశ దాటేశారు. సౌదీలోని బిషాలో 500 మెగావాట్లు, 2,000 మెగావాట్ అవర్ల కేంద్రం 2025లో గ్రిడ్డుకెక్కింది. అబూధాబీలో మస్దర్ సంస్థ 5,200 మెగావాట్ల సోలార్‌కు 19 వేల మెగావాట్ అవర్ల బ్యాటరీలు జతచేసి, రాత్రీపగలూ తేడా లేకుండా వెయ్యి మెగావాట్లు ఇస్తామని 2025 జనవరిలో ప్రకటించింది. కువైట్‌లో పనులు నిదానం. దిబ్‌దిబా సోలార్ ప్రాజెక్టును 2020లో రద్దుచేసి, తర్వాత మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టారు. అల్ జౌర్ నార్త్ రెండు, మూడు దశలకు ఏళ్ల తరబడి ఎదురుచూశాక 2025 ఆగస్టులో సంతకాలయ్యాయి. సౌదీకి చెందిన అక్వా పవర్, షర్క్‌లోనే ప్రధాన కార్యాలయం ఉన్న గల్ఫ్ ఇన్వెస్ట్‌మెంట్ కార్పొరేషన్ కలిసి ఆ 2,700 మెగావాట్ల ప్లాంటును చేపట్టాయి.

రెండు ఫిల్సుల కరెంటుతో గిట్టుబాటెలా?

ఇప్పుడు అసలు ప్రశ్నకొద్దాం. ఇక్కడ కువైటీల సొంత ఇళ్లకు యూనిట్ కరెంటు 2 ఫిల్సులే. మన లెక్కలో రూపాయి కూడా కాదు. 1960ల నాటి ధర అది. అద్దె ఫ్లాట్లకు 5 ఫిల్సులు. తయారీ ఖర్చు దీనికి ఎన్నో రెట్లు. మిగతాదంతా సర్కారు భరిస్తోంది. పగలైనా రాత్రయినా అదే రేటు. మరి తక్కువ ధరకు కొని ఎక్కువ ధరకు అమ్మాలనుకునే బ్యాటరీవాడికి ఇక్కడ ఏం మిగులుతుంది? బజారునే నమ్ముకుంటే, ఏమీ మిగలదు.

అయినా పెట్టుబడిదారులు ఎందుకొస్తారంటే, వాళ్లు అమ్మేది కరెంటు కాదు. ‘అవసరమైనప్పుడు సిద్ధంగా ఉంటాం’ అన్న హామీని అమ్ముతారు. గోదాము యజమాని ధాన్యం ధర పట్టించుకోడు కదా. బస్తా ఉన్నా లేకపోయినా నెల తిరిగేసరికి అద్దె రావాలి. బ్యాటరీ కేంద్రం కూడా అంతే. ఇన్ని మెగావాట్లు, ఇన్ని గంటలు సిద్ధంగా ఉంచినందుకు ప్రభుత్వమో, పంపిణీ సంస్థో నెలనెలా అద్దె కడుతుంది. పదేళ్లకో పదిహేనేళ్లకో ఒప్పందం ఉంటుంది. ఆ ఒప్పందాన్ని చూపించే బ్యాంకులు అప్పులిస్తాయి. రోడ్లు, రేవులు, గ్యాసు పైపులైన్ల మాదిరిగానే ఇదీ మౌలిక వసతుల పెట్టుబడి అయిందంటే కారణం అదే. 

ఈ పద్ధతి షర్క్‌కు తెలిసిందే. అల్ జౌర్ నార్త్ మొదటి దశ కంపెనీలో సగం వాటా షేర్లను ప్రభుత్వం కువైటీ పౌరులకు పంచింది. 2020 ఆగస్టులో ఆ కంపెనీ ఇక్కడి బోర్సాలో నమోదైంది. ప్లాంటుకు దీర్ఘకాల ఒప్పందం, కట్టేది ప్రభుత్వం. అందుకే మామూలు గృహస్థుడు కూడా ధైర్యంగా వాటా తీసుకోగలిగాడు. ఇటుకలూ యంత్రాలూ చూసి కాదు, కింద ఉన్న సంతకం చూసి.

ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మన రాష్ట్రాల సంగతి తేలిగ్గా అర్థమవుతుంది.

సీమ ఎండ, సాయంత్రం కరెంటు

రాయలసీమలో ఇప్పుడు ఎండ కూడా పంటే. కర్నూలు జిల్లా గని, శకునాల వద్ద వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017లోనే వచ్చింది. నంబులపూలకుంట, గాలివీడు, మైలవరం... కువైట్‌కు జనాన్ని పంపిన ఊళ్ల పక్కనే ఈ పార్కులన్నీ. చిక్కల్లా ఏమిటంటే పలకలు మధ్యాహ్నం పుష్కలంగా ఇచ్చి, సాయంత్రం ఆరయ్యేసరికి చేతులెత్తేస్తాయి. ఇళ్లలో లైట్లు, టీవీలు, వంటింటి మిక్సీలు మొదలయ్యేది అప్పుడే. మన దేశంలోని విద్యుత్ ఎక్స్ఛేంజీల్లో ఎండ వేళ యూనిట్ రెండు మూడు రూపాయలకు, ఒక్కోరోజు ఇంకా చవగ్గా దొరికే కరెంటు, గిరాకీ ఎక్కువున్న సాయంత్రాల్లో 10 రూపాయల గరిష్ఠ పరిమితిని తాకుతోంది. ఆ నాలుగైదు గంటల తేడాలోనే నిల్వ వ్యాపారమంతా ఉంది.

అందుకే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 అక్టోబరులో తెచ్చిన సమగ్ర క్లీన్ ఎనర్జీ పాలసీలో సోలార్, గాలిమరలతో పాటు పంప్డ్ స్టోరేజీకి, బ్యాటరీలకు కూడా లక్ష్యాలు పెట్టుకుంది. 2025లో ఏపీ ట్రాన్స్‌కో వెయ్యి మెగావాట్లు, 2 వేల మెగావాట్ అవర్ల బ్యాటరీలకు టెండర్లు పిలిచింది. దానికన్నా ముందే, 2022 మే 17న పిన్నాపురంలో గ్రీన్‌కో సంస్థ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. అందులో నీటిని పైకెత్తే నిల్వ భాగమే 1,680 మెగావాట్లు. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఈ సంస్థలో అబూధాబీ ప్రభుత్వ నిధి ‘ఆడియా’ పెట్టుబడి పెట్టింది. చూశారా... మన సీమ కొండల్లో నీరు నిల్వచేసే పనికి గల్ఫ్ డబ్బు ఎప్పుడో చేరింది. గల్ఫ్‌లో చెమటోడ్చే సీమవాసికి మాత్రం వాట్సాప్ బ్రోచర్ చేరింది!

టెండర్లలో అద్దె ఎలా పడిపోయిందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. దేశంలో తొలి పెద్ద బ్యాటరీ టెండర్ కేంద్ర సంస్థ సెకీది. 2022లో జరిగిన ఆ వేలంలో మెగావాటుకు నెలకు 10.83 లక్షల రూపాయల అద్దె ఖరారైంది. 2024 మార్చిలో గుజరాత్ టెండర్‌లో అది 4.49 లక్షలకు దిగింది. ఆ తర్వాత కేంద్ర సాయం తోడైన టెండర్లలో రెండు లక్షల చిల్లరకు వచ్చేసింది. రాజస్థాన్‌లో 2.21 లక్షలకు కోట్ చేసి గెలిచారు. ఇవన్నీ రెండు గంటల నిల్వకే. చైనాలో బ్యాటరీల తయారీ విపరీతంగా పెరిగి ధరలు కూలడం ఒక కారణం, కేంద్రం ఇచ్చే వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ మరో కారణం. 2023 సెప్టెంబరులో 4 వేల మెగావాట్ అవర్లకు ఈ సాయం ప్రకటించారు. 2025 జూన్‌లో మరో 30 వేల మెగావాట్ అవర్లకు, ఒక్కో మెగావాట్ అవర్‌కు 18 లక్షల చొప్పున, మొత్తం 5,400 కోట్ల రూపాయలు ప్రకటించారు.

వినియోగదారుడికి ఇది శుభవార్త. పెట్టుబడిదారుడికి మాత్రం లాభం ఇరుకైపోతోందని అర్థం. ఇంత తక్కువకు పాడుకున్నవారందరూ కట్టగలరా, కట్టి నడపగలరా అన్న అనుమానం పరిశ్రమలోనే ఉంది. చీటీ పాటలో అవసరానికి మించి తగ్గించి పాడినవాడు తర్వాత నెలనెలా ఎలా కట్టేదని తల పట్టుకోవడం మనకు తెలియనిదా!

సంతకం విలువ ఎంత?

గోదాము కట్టడం ఒక ఎత్తు, అద్దె వసూలవడం ఇంకో ఎత్తు. ఇక్కడ మన రాష్ట్రం చరిత్ర కాస్త చేదుగా ఉంది. 2019 జూలైలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాత సోలార్, పవన విద్యుత్ ఒప్పందాల ధరలు ఎక్కువగా ఉన్నాయంటూ తిరగదోడేందుకు ఉన్నతస్థాయి కమిటీ వేసింది. కంపెనీలు కోర్టుకెక్కాయి. 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందం ధరే చెల్లించాలని చెప్పేదాకా బకాయిలు పేరుకుపోయాయి. ధరలు నిజంగా ఎక్కువా కాదా అన్న వాదన ఇక్కడ పెట్టుకోవద్దు. రెండు వైపులా చెప్పేదుంది. కానీ ఒకసారి సంతకం మీద అనుమానం పుడితే తర్వాత వచ్చే ప్రతి పెట్టుబడిదారుడూ ఆ అనుమానాన్ని వడ్డీ రూపంలో వసూలు చేస్తాడు. ఆ భారం చివరికి పడేది రాయచోటిలో, రాజంపేటలో కరెంటు బిల్లు కట్టే మన ఇంటివాళ్ల మీదే.

ఆ తర్వాత కొంత మెరుగైంది. కేంద్రం 2022 జూన్‌లో తెచ్చిన నిబంధనలతో, బకాయిలు సకాలంలో కట్టని పంపిణీ సంస్థలకు బయటి కరెంటు కొనే వెసులుబాటు తగ్గిపోతుంది. దాంతో చెల్లింపుల్లో క్రమశిక్షణ పెరిగింది. బ్యాటరీ టెండర్లకు పోటీ పెరగడానికి ఇది కూడా ఒక కారణం. అయినా పదేళ్లకు పైగా సాగే ఒప్పందం అది. ఆలోగా రెండు మూడు ఎన్నికలు వస్తాయి. ప్రభుత్వాలు మారినా సంతకం మారదన్న నమ్మకం కలిగించడమే అమరావతికైనా, హైదరాబాద్‌కైనా అసలు పరీక్ష.

కువైట్‌లో సంతకానికి విలువుంది, కానీ సంతకమే ఆలస్యం. మన దగ్గర సంతకాలు చకచకా అవుతాయి, నిలబడటమే సందేహం. రెండు చోట్లా బ్యాటరీ ఒక్కటే, కష్టం మాత్రం వేరు.

బ్రోచర్ లెక్క తేల్చుదాం

ఇప్పుడు మన డ్రైవరన్న బ్రోచర్ తీద్దాం. నెలకు 2 శాతం అంటే ఏడాదికి 24 శాతం. మెగావాటుకు నెలకు 2.21 లక్షల అద్దె అంటే ఏడాదికి 26.52 లక్షలు. ఇందులో జీతాలు, కాపలా, బీమా, మరమ్మతులు, చల్లబరిచే ఖర్చు, బ్యాంకు వడ్డీ... ఒక్క పైసా ఖర్చు లేదనుకుందాం. వచ్చిందంతా పంచేసినా 24 శాతం ఇవ్వాలంటే ఆ మెగావాటు కేంద్రం మొత్తం కోటీ పది లక్షల్లోపు పూర్తికావాలి. భూమి, బ్యాటరీలు, ఇన్వర్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్, లైను అన్నీ కలిపి!

అంతటితో అయిపోలేదు. బ్యాటరీ పొలం లాంటిది కాదు, ఎద్దు లాంటిది. పనిచేసేకొద్దీ వయసవుతుంది, బలం తగ్గుతుంది. తొలి సెకీ ఒప్పందం గడువు పన్నెండేళ్లు. ఆ తర్వాత మిగిలేది అరిగిపోయిన పెట్టెలు. కాబట్టి కోటీ పది లక్షల అసలును కూడా ఆ పన్నెండేళ్లలోనే వెనక్కి తీసుకోవాలి. అంటే ఏడాదికి 9 లక్షలకు పైగా అసలు ఖాతాకే పోవాలి. 26 లక్షల్లో 9 తీసేస్తే మిగిలేది 17 లక్షల చిల్లర. ఖర్చులు లేవనుకున్నా 16 శాతమే. నిజం ఖర్చులు కలిపితే అదీ ఉండదు. కాబట్టి నెలకు 2 శాతం గ్యారంటీగా ఇస్తామంటున్నారంటే ఆ డబ్బు బ్యాటరీ నుంచి రావడం లేదు. మీ తర్వాత చేరేవాడి జేబులోంచి వస్తోందని అర్థం.

ఈ కథ మనకు కొత్త కాదు. ఒకప్పుడు టేకు చెట్లన్నారు, ఫాం ప్లాట్లన్నారు. అగ్రిగోల్డ్ డిపాజిటర్లు తమ డబ్బుకోసం ఏళ్ల తరబడి తిరిగిన సంగతి ఇంకా కళ్లముందే ఉంది. 2019లో కేంద్రం అనుమతిలేని డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ చట్టమే తెచ్చింది. అయినా పేరు మార్చుకుని వస్తూనే ఉన్నారు. ఇప్పుడు చెట్టు స్థానంలో బ్యాటరీ వచ్చింది.

వేడి, నిప్పు... మరువకూడనివి

బ్యాటరీల మంచి చెప్పి చెడు దాచడం మాకిష్టం లేదు. వీటికి ఎండ పడదు. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జూలైలో 53.9 డిగ్రీలు నమోదైంది. అలాంటి చోట కంటైనర్లను చల్లగా ఉంచడానికే దాచిన కరెంటులో కొంత ఖర్చవుతుంది. కాబట్టి చల్లటి దేశాల లెక్కలు తెచ్చి ఇక్కడ, సీమలో యథాతథంగా అతికించకూడదు.

రెండోది నిప్పు. 2025 జనవరి 16న కాలిఫోర్నియాలోని మాస్ ల్యాండింగ్‌లో 300 మెగావాట్ల బ్యాటరీ కేంద్రం అంటుకుంది. చుట్టుపక్కల వెయ్యిమందికి పైగా ఇళ్లు ఖాళీ చేయాల్సొచ్చింది. ఒకే కప్పు కింద బ్యాటరీలన్నీ కుక్కి పెట్టిన పాత తరహా కట్టడం అది. ఇప్పుడు నిప్పుకు కాస్త తట్టుకునే ఐరన్ ఫాస్ఫేట్ రకం వాడుతున్నారు, కంటైనర్లను ఎడంఎడంగా పెడుతున్నారు. ప్రమాదం తగ్గింది, మాయమవలేదు. 2024 జూన్ 12న మంగాఫ్‌లో కార్మికుల భవనంలో షార్ట్ సర్క్యూట్‌తో చెలరేగిన మంటల్లో 40 మందికి పైగా భారతీయులు ప్రాణాలు కోల్పోయారు. అందులో మన ఆంధ్రులూ ఉన్నారు. అక్కడ బ్యాటరీ కేంద్రమేమీ లేదు. కానీ కరెంటు విషయంలో భద్రతకు పెట్టే ఖర్చును ‘దండగ’ అనుకుంటే ఏమవుతుందో గల్ఫ్ తెలుగువారికి వేరే చెప్పక్కర్లేదు. తక్కువ ధరకు టెండర్ పాడుకున్నవాడు ముందు కోసేది ఆ ఖర్చునే అయితే, ప్రభుత్వాలు ఊరుకోకూడదు.

మరి మనవాళ్లకు ఇందులో ఏముంది?

ఉంది. మొదటిది పని. సౌదీ, ఎమిరేట్స్, రేపు కువైట్... ఎక్కడ ఈ కేంద్రాలు లేచినా కేబుళ్లు వేసేవారు, ప్యానెళ్లు బిగించేవారు, కూలింగ్ యంత్రాలు చూసేవారు, ఫైర్ సేఫ్టీ తెలిసినవారు కావాలి. ఏసీ మెకానిక్‌గా, ఎలక్ట్రీషియన్‌గా ఇక్కడ పదేళ్ల అనుభవమున్న మనవాళ్లు కొద్దిపాటి శిక్షణతో ఈ పనిలోకి మారొచ్చు. మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో అమరరాజా సంస్థ 9,500 కోట్ల రూపాయల పెట్టుబడి అంచనాతో బ్యాటరీల కర్మాగారానికి 2023 మేలో శంకుస్థాపన చేసింది. తిరిగి ఊరికి పోదామనుకునేవారికి ఇలాంటివి ఒక దారి. ఎన్నారైల సంక్షేమం పేరుతో ఏర్పడ్డ ప్రభుత్వ సంస్థలు సన్మానాలు, సాంస్కృతిక కార్యక్రమాలతో సరిపెట్టకుండా ఈ శిక్షణ మీద దృష్టి పెడితే ఎంతో మేలు.

రెండోది పెట్టుబడి. చట్టబద్ధమైన దారులు లేకపోలేదు. సెబీ నియంత్రణలో ఉండే ఇన్విట్‌లు, అంటే మౌలిక వసతుల ట్రస్టులు, స్టాక్ ఎక్స్ఛేంజీల్లో నమోదై ఉన్నాయి. కరెంటు లైన్ల మీద 2017లోనే వచ్చిన ఇండిగ్రిడ్ ట్రస్టు ఢిల్లీలోని కిలోకరీలో 20 మెగావాట్లు, 40 మెగావాట్ అవర్ల బ్యాటరీ కేంద్రంలోనూ అడుగుపెట్టింది. ఇలాంటివాటిలో ఎన్నారైలూ కొనొచ్చు. కొనమని మేము చెప్పడం లేదు. యూనిట్ ధర పెరుగుతుంది, తగ్గుతుంది, గ్యారంటీ ఉండదు. కానీ లెక్కలు బహిరంగంగా ఉంటాయి, అడిగేవాడుంటాడు, అమ్ముకుని బయటపడే వీలుంటుంది. ఈ మూడూ లేని చోట మూడు రెట్లు లాభమన్నా నమ్మకూడదు.

ఎవరైనా బ్యాటరీ పెట్టుబడి అంటూ వస్తే నాలుగు ప్రశ్నలు చాలు. అద్దె కట్టేది ఎవరు, ఆ ఒప్పందం కాగితం చూపిస్తారా? ఎన్ని మెగావాట్లు, ఎన్ని మెగావాట్ అవర్లు, ఎన్నేళ్లకు? డబ్బు తీసుకోవడానికి సెబీ, రిజర్వ్ బ్యాంకు అనుమతి ఏది? మధ్యలో బయటికి రావాలంటే ఎలా? ఈ నాలుగింటికి సూటిగా జవాబు చెప్పినవాడితో ఐదో మాట మాట్లాడండి. చెప్పనివాడు బావమరిది స్నేహితుడైనా సరే, టీ తాగించి పంపించేయండి.

ఆ సాయంత్రం మేము డ్రైవరన్నకు ఇవే చెప్పాం. ఆయన అక్కడికక్కడే ఊరికి ఫోన్ చేసి మొదటి ప్రశ్న అడిగారు. అవతలినుంచి చాలాసేపు ఏదో వినిపించింది గానీ, ఒప్పందం ఎవరితో అన్నది మాత్రం రాలేదు. ‘‘ఎకరం అట్నే ఉండనీలే. అమ్మొద్దు’’ అని ఫోన్ పెట్టేశారాయన.

ఆ ఎకరం పక్కన రేపు నిజంగానే బ్యాటరీ కేంద్రం రావొచ్చు. రావాలి కూడా. సీమ ఎండ సాయంత్రం దీపమై వెలిగితే, కువైట్‌లో జూన్ మధ్యాహ్నం కోత లేకుండా గడిస్తే, రెండు చోట్లా ముందు బాగుపడేది ఈయనలాంటివారే. ఆ రోజు వాళ్ల భూమికి తగిన కౌలు, వాళ్ల పిల్లలకు పని దక్కేలా చూడాల్సింది ప్రభుత్వాలు. అంతదాకా కష్టార్జితాన్ని కాపాడుకోవాల్సింది మాత్రం మనమే.